హద్దు తగాదాలో ఏ దారి మేలు? మాట, కొలత, లోక్ అదాలత్, కోర్టు

పక్కవారి గోడ మన స్థలంలోకి జరిగిందని తెలిసిన రోజున మనిషికి నిద్ర పట్టదు. జరిగింది తొమ్మిది అంగుళాలే కావచ్చు, కానీ ఆ తొమ్మిది అంగుళాలు తాత ఇచ్చినవో, ఇరవై ఏళ్ల జీతంలో మిగిల్చి కొన్నవో అయి ఉంటాయి. విషయం బయటపడగానే తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు పోలీసు స్టేషనుకు వెళ్లమంటారు, ఒకరు కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెమ్మంటారు, ఒకరు పెద్దమనుషుల్లో పెట్టమంటారు, ఇంకొకరు రాత్రికి రాత్రే కంచె పీకేయమంటారు. ఆ చివరి సలహాను ఎప్పుడూ వినకండి. మిగిలిన మూడింటికీ వేర్వేరు సందర్భాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లో పొలమో ఉన్నవారికి ఏ సందర్భంలో ఏ దారి పనికొస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను.

మా ఇంట్లోనూ, చుట్టుపక్కలా చూసిన తగాదాల వల్ల నాకు ఒక అభిప్రాయం గట్టిగా ఏర్పడింది. చాలామంది మంచి దారినే ఎంచుకుంటారు గానీ వరస తప్పుతారు. కొలవకముందే మాట జారతారు. మాట జారాక అవతలివారు కొలతకు రారు.

దారి ఎంచుకునే ముందు చూడవలసినవి

హద్దు ఎక్కడుందో మీకు నిజంగా తెలుసా, లేక అనుమానం మాత్రమేనా? ముందు ఇది తేల్చుకోండి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 200 గజాలు. రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాల గోడ మన స్థలంలోనే కట్టుకుని, లోపలి నుంచి టేపు పట్టి చూస్తే వెడల్పు 28 అడుగుల 6 అంగుళాలే వస్తుంది. మాయమైన ఆ అడుగున్నర మన గోడల మందమే. అది తెలియక పక్కవారి మీద పడ్డ వాళ్లను చూశాను. గోడ వెలుపలి అంచు నుంచి వెలుపలి అంచు వరకు కొలవాలి. అలా కొలిచినా తొమ్మిది అంగుళాలు తక్కువ వస్తే, 60 అడుగుల పొడవునా కలిపి 45 చదరపు అడుగులు, అంటే 5 గజాలు పోయినట్టు. మీ వీధిలో గజం ధరతో దాన్ని హెచ్చించి చూడండి. తగాదాకు ఎంత ఖర్చు పెట్టవచ్చో ఆ అంకె చెబుతుంది.

రెండోది స్థలం రకం. పట్టా భూమి అయితే సర్వే నంబరు, దాని కొలతల పటం రెవెన్యూ రికార్డుల్లో ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో ఆ పటాన్ని ఎఫ్‌ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్ అంటారు. లేఅవుట్‌లోని ప్లాటుకు మాత్రం అవి చాలవు, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను కావాలి. అక్కడ ఇంకో చిక్కు ఉంది. వరసలో మొదటి ఇంటివారు అడుగు జరిగి కట్టుకుంటే, ఆ తరువాతి వారంతా అడుగేసి జరుగుతూ వెళతారు, లోటు చివరి ప్లాటుకు తగులుతుంది. చివరి ప్లాటు యజమాని పక్కాయన ఒక్కడి మీదే కేసు వేస్తే ఏమీ తేలదు, వరసంతా కొలిపించాలి. ఇక గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని పాత ఇళ్లకు ఎఫ్‌ఎంబీలో విడి హద్దులే ఉండవు. అక్కడ దస్తావేజులు, పంచాయతీ ఇంటిపన్ను రికార్డు, పాత పునాది, పెద్దల సాక్ష్యం ఇవే ఆధారం.

దస్తావేజు చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. అందులో రాసిన విస్తీర్ణానికీ నాలుగు వైపుల హద్దులకూ పొంతన కుదరకపోతే, సాధారణంగా కోర్టులు హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి. 'తూర్పు: పంట కాలువ' అని స్పష్టంగా ఉంటే, పక్కన రాసిన గజాల అంకెకన్నా ఆ కాలువకే బలం ఎక్కువ.

మూడోది కాలం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. మీ స్వాధీనంలో ఉన్న జాగా నుంచి మిమ్మల్ని చట్టవిరుద్ధంగా తప్పిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోపు దావా వేసి, హక్కు ఎవరిదన్న చర్చతో పనిలేకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ గడువు దాటితే హక్కును రుజువు చేసుకుంటూ పెద్ద దావా నడపాలి. దానికీ అవధి ఉంది. అవతలివారు మీ జాగాను తమదేనంటూ బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవిస్తే కాలపరిమితి చట్టం ప్రకారం మీ హక్కే పోవచ్చు. అలా అనుభవించినవారు తామే దావా వేసి ఆ జాగా తమదని ప్రకటించమని కూడా కోరవచ్చునని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన గ్రామాలవారికి మరో గడువు ఉంది. సర్వే, సరిహద్దుల చట్టం కింద సర్వే పూర్తయిందని చెప్పే 13వ సెక్షను నోటిఫికేషన్ వెలువడ్డాక, ఆ హద్దును సవాలు చేయాలంటే మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

నాలుగోది, ఆక్రమించిన చోట ఏముందన్నది. ముళ్లతీగ కంచె అయితే ఒక పూటలో జరుగుతుంది. ప్రహరీ గోడ అయితే ఖర్చు, పట్టుదల రెండూ పెరుగుతాయి. ఇంటి గోడే లోపలికి వచ్చి ఉంటే, కూల్చమని అడగడం కన్నా వేరే పరిష్కారం చూడవలసి రావచ్చు.

కూర్చుని మాట్లాడుకోవడం

ఖర్చు లేని దారి ఇది. పక్కవారు మంచివారైతేనే పనికొస్తుందని అనుకోకండి, మాట మొదలుపెట్టే తీరును బట్టి కూడా ఉంటుంది. 'మా జాగాలోకి వచ్చారు' అంటే ఆ క్షణంలోనే తలుపు మూసుకుంటుంది. 'బాబాయ్, మా కాగితాల్లో కొలతకూ ఇక్కడి కొలతకూ పొంతన కుదరడం లేదు, ఇద్దరం కలిసి ఒకసారి కొలిపించుకుందామా?' అంటే కాదనడం కష్టం. ఫీజు మీరే కడతామని ముందే చెప్పండి.

మాట కుదిరితే ఆ రోజే కాగితం మీద పెట్టండి. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని అడుగులు, గోడ ఎవరిది, మరమ్మతు ఎవరు చేయాలి అన్నవి రాసి, గీసిన పటం మీద ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయాలి. పోతే పోనీలే అని ఆ కాస్త జాగాను వాడుకోనివ్వదలచినా కాగితం తప్పనిసరి. 'ఫలానా వారి అనుమతితో వాడుకుంటున్నాను, అడిగినప్పుడు ఖాళీ చేస్తాను' అని పక్కవారు రాసి ఇస్తే, ఆ అనుభవం అనుమతితో జరిగినదే అవుతుంది. దాని మీద 12 ఏళ్ల లెక్క నడవదు. ఔదార్యం చూపించి, ఈ ఒక్క కాగితం రాయించుకోక, పిల్లల కాలానికి జాగా పోగొట్టుకున్న కుటుంబం నాకు తెలుసు.

పెద్దమనుషుల పంచాయితీ కూడా ఈ కోవలోదే. వారి తీర్పుకు కోర్టు డిక్రీకి ఉండే బలం ఉండదు. ఊళ్లో వారి మాటకు విలువ ఉన్నంత వరకే అది నిలుస్తుంది.

కొలిపించడం

మీరు ఏ దారి పట్టినా మధ్యలో దీన్ని దాటి వెళ్లాలి, కనుక ముందే చేయించుకోవడం మేలు. సర్వే నంబరు ఉన్న భూమికి మీసేవ ద్వారా ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే హద్దు కొలిచి చూపమనే దరఖాస్తు పెట్టి ఫీజు చెల్లిస్తే సర్వేయరు వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు ఉన్నారు. తెలంగాణలో ప్రభుత్వం 2025లో ప్రైవేటు వారికి శిక్షణ ఇచ్చి లైసెన్సుడ్ సర్వేయర్లుగా తీసుకుంది. ప్రైవేటు సర్వేయరుతో కొలిపించుకుంటే పని త్వరగా అవుతుంది, మన అనుమానం నిజమో కాదో మనకు తెలుస్తుంది. అయితే అవతలివారు దాన్ని ఒప్పుకోవలసిన పని లేదు. ప్రభుత్వ సర్వేయరు, చుట్టుపక్కల రైతులకు నోటీసు ఇచ్చి, అందరి ముందు కొలిచి ఇచ్చిన నివేదికకు కోర్టులో విలువ ఎక్కువ. పక్కవారికి తెలియకుండా చేయించిన కొలత, ఎంత కచ్చితమైనదైనా, రేపు వారి ఒక్క ప్రశ్నతో బలహీనపడుతుంది.

మా పొలం సంగతి చెబుతాను. కాగితాల్లో ఉన్నదానికన్నా ఆరు సెంట్లు తక్కువ వస్తోందని కౌలుదారు చెప్పిన నాటి నుంచి, తూర్పు గట్టు రైతు మీద మాకు అనుమానం. 330 అడుగుల గట్టు వెంట ఒక్క అడుగు జరిగితే ముప్పావు సెంటు పోతుంది. ఏటా దున్నేటప్పుడు కొంచెం కొంచెం గట్టు తినేశారని మేం లెక్క వేసుకున్నాం. నాలుగేళ్లు రెండు ఇళ్లకూ మాటలు లేవు. చివరకు ఎఫ్-లైన్ పెట్టాం. సర్వేయరు పటం చూసుకుంటూ ఒక తుమ్మ చెట్టు మొదట్లో తవ్వమన్నారు. గునపం రెండు జానల లోతున ఠంగుమంది. వేళ్ల మధ్య ఇరుక్కుని, నెత్తిన చెక్కిన గుర్తుతో పాత సర్వే రాయి బయటపడింది. అక్కడి నుంచి కొలిస్తే తూర్పు గట్టు ఉండవలసిన చోటే ఉంది. లోటంతా పడమర డొంక వైపు వచ్చింది. డొంకను ఎత్తు చేసి రోడ్డు వేసినప్పుడు మట్టి మా చేలోకి జారి, అదే అంచు అనుకుని మేమే లోపలికి జరిగి దున్నుకుంటూ వచ్చాం. నాన్న ఆ రాయి మీది మట్టిని తువ్వాలుతో తుడిచి, 'అన్నయ్యా, నీ గట్టు సరిగ్గానే ఉంది' అన్నారు. ఆ నాలుగేళ్లలో వారి ఇంట్లో జరిగిన పెళ్లికి మేం వెళ్లలేదు.

కొలత పరిమితి కూడా తెలుసుకోవాలి. సర్వేయరు హద్దు చూపిస్తారు, రాళ్లు పాతిస్తారు. అవతలివారిని ఖాళీ చేయించే అధికారం ఆయనకు లేదు.

మునిసిపాలిటీ, పంచాయతీ, పోలీసులు

మునిసిపాలిటీ రెండు విషయాల్లో ఉపయోగపడుతుంది: అనుమతి లేని కట్టడం, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం వదలకపోవడం. పక్కవారు ఇప్పుడే పునాది తీస్తున్నారంటే అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఈ జాగా ఎవరిదన్న ప్రశ్నను మాత్రం మునిసిపాలిటీ తేల్చదు. రోడ్డునో, మురుగు కాలువనో ఆక్రమిస్తే అది మునిసిపాలిటీ లేదా పంచాయతీ పరిధిలోకి వస్తుంది. హైదరాబాద్‌లో 2024లో ఏర్పాటైన హైడ్రా చెరువులు, నాలాలు, పార్కులు, ప్రభుత్వ స్థలాల కోసం వచ్చింది. ఇద్దరి ఇళ్ల మధ్య గోడ దాని పని కాదు.

హద్దు ఎక్కడన్నది సివిల్ వివాదం, దాన్ని పోలీసులు తేల్చలేరు. కొట్టడం, బెదిరించడం, గోడ పగలగొట్టడం జరిగితే తప్పకుండా వెళ్లండి. గొడవ శాంతిభద్రతల దాకా వచ్చేటట్టుంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. దీనికి ముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 145వ సెక్షను. అక్కడ చూసేది స్వాధీనం ఎవరిదన్నదే, హక్కు సంగతి మళ్లీ సివిల్ కోర్టుదే. స్టేషనులో కూర్చోబెట్టి హడావిడిగా రాయించే రాజీ కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టకండి.

లోక్ అదాలత్

రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే వేదిక ఇది. తెలిసినవారు తక్కువ గానీ, కొలత పూర్తయి ఇద్దరికీ కాస్త మనసు ఉన్నప్పుడు నేను ముందుగా సూచించేది ఇదే. కేసు వేయకముందే మీ ప్రాంతపు కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. వారు అవతలి పక్షాన్ని పిలిపిస్తారు. రాజీ కుదిరి అవార్డు ఇస్తే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు, అమలు చేయించుకోవచ్చు. పెద్దమనుషుల కాగితానికి లేని బలం దీనికి ఉంది. ఇప్పటికే కోర్టులో ఉన్న కేసు ఇక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు.

అవతలివారు రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా ఇక్కడ ఏమీ జరగదు. మొండివారితో దీని మీదే ఆశ పెట్టుకుని నెలలు గడిపితే, ఆ ఆరు నెలల గడువు చేజారుతుంది.

సివిల్ కోర్టు

గోడ లేస్తూ ఉంటే, మాట వినే స్థితి లేకపోతే, 12 ఏళ్లు దగ్గరపడుతుంటే కోర్టే దారి. ఏమని అడుగుతారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. జాగా మీ స్వాధీనంలోనే ఉండి, పక్కవారు లోపలికి రాబోతుంటే శాశ్వత ఇంజంక్షన్ చాలు. కట్టేసిన గోడను తీయించాలంటే ఆదేశపూర్వక ఇంజంక్షన్ కావాలి. జాగా వారి చేతిలో ఉంటే స్వాధీనం అప్పగించమని కోరాలి. మీ హక్కునే వారు గట్టి ఆధారాలతో కాదంటున్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా సరిపోదని, హక్కు ప్రకటన కూడా కోరాలని వరంగల్ స్థలాల కేసులో సుప్రీంకోర్టు 2008లో వివరంగా చెప్పింది. ఖర్చు తగ్గుతుందని ఉత్త ఇంజంక్షన్ మాత్రమే వేసి, ఏళ్లు గడిచాక ఆ ఒక్క కారణంతో ఓడిపోవడం కన్నా దుఃఖం లేదు. న్యాయవాదిని మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి.

దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్, అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే న్యాయవాది) నియామకం కోరవచ్చు. కమిషనర్ సర్వేయరుతో కలిసి వచ్చి కొలిచి నివేదిక ఇస్తారు. హద్దు కేసుల్లో ఆ నివేదిక మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఆలస్యం చేయకండి. గోడ కళ్లముందే లేస్తుంటే ఊరుకుని, రంగులు వేశాక వెళితే, కూల్చమనడానికి బదులు నష్టపరిహారంతో సరిపెట్టే అవకాశం ఉంటుంది. అవతలివారే ముందుగా వెళ్లి మీకు తెలియకుండా ఆర్డరు తెచ్చుకుంటారన్న భయం ఉంటే కేవియట్ వేయండి, అంటే మీకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వవద్దని కోర్టును ముందే కోరండి. అది 90 రోజులు పనిచేస్తుంది.

ఏళ్ల తరబడి సాగడం, అప్పీళ్లు, ప్రతి వాయిదాకూ ఒక పని దినం పోవడం ఈ దారి ధర. అయిదు గజాల కోసం ఈ ధర చెల్లించాలా అన్నది మీ వీధిలో గజం విలువను బట్టి, మీ పట్టు ఎంత న్యాయమైనదన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇచ్చిపుచ్చుకోవడం

ఇంటి గోడే లోపలికి వచ్చినప్పుడు దీన్ని ముందు పెట్టి చూడండి. ఆ కాస్త జాగాను వారికే మార్కెట్ ధరకు అమ్మవచ్చు, లేదా వెనుక వైపు అంతే జాగా తీసుకుని పరస్పర మార్పిడి దస్తావేజు రాసుకోవచ్చు. రెండింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెల్లకాగితం మీద డబ్బు తీసుకుని వదిలేస్తే రేపు మీ ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి న్యాయవాది అక్కడే ఆగిపోతారు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఖర్చు | సమయం | అవతలివారి ఒప్పుకోలు | చివరకు చేతికి వచ్చేది |
|---|---|---|---|---|
| మాట, పెద్దమనుషులు | దాదాపు లేదు | రోజులు | కావాలి | ఒప్పంద కాగితం |
| సర్వే | ఫీజు మాత్రమే | వారాలు, ఒక్కోసారి నెలలు | అక్కర్లేదు, ఉంటే మేలు | హద్దు పటం, నివేదిక |
| మునిసిపాలిటీ | తక్కువ | అధికారుల కదలికను బట్టి | అక్కర్లేదు | నిబంధనలకు విరుద్ధమైన కట్టడంపై చర్య |
| లోక్ అదాలత్ | కోర్టు ఫీజు లేదు | తక్కువ | తప్పనిసరి | డిక్రీతో సమానమైన అవార్డు |
| సివిల్ కోర్టు | ఎక్కువ | ఏళ్లు | అక్కర్లేదు | ఇంజంక్షన్, స్వాధీనం, హక్కు ప్రకటన |
| అమ్మకం, మార్పిడి | స్టాంపు సుంకం, ఫీజులు | వారాలు | తప్పనిసరి | రిజిస్టరైన దస్తావేజు |

ఎవరికి ఏది

పొలం గట్టు తగాదా ఉన్న రైతుకు: పంట కోశాక, తరువాతి దుక్కికి ముందు ఎఫ్-లైన్ పెట్టండి. పైరు నిలిచి ఉండగా గొలుసు లాగడం కష్టం, రాళ్లు కనిపించవు. రాళ్లు పాతాక ఫోటోలు తీసి పెట్టుకోండి.

నగరంలో ఉంటూ ఊరి శివారున ప్లాటు కొనుక్కున్నవారికి: ఈ ఏడాదే నాలుగు మూలలా రాళ్లు పాతించి, వీలైతే ప్రహరీ కట్టించండి. ఏడాదికి ఒకసారైనా వెళ్లి తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. ఖాళీగా వదిలేసిన ప్లాటు విషయంలో కాలం మీకు వ్యతిరేకంగా నడుస్తుంది.

విదేశాల్లో ఉన్నవారికి: అన్ని అధికారాలూ ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాకుండా, ఈ ఒక్క కొలతకో కేసుకో పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయండి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాక, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం చెల్లించాలి. ఈ గడువు మరిచిపోయి, కోర్టు వాయిదా రోజున ఆ కాగితం చెల్లదని తెలుసుకున్నవారున్నారు.

గ్రామకంఠంలో ఉమ్మడి గోడ తగాదా ఉన్నవారికి: సర్వే పటం మీకు పెద్దగా సాయపడదు. పాత దస్తావేజులు, పన్ను రసీదులు పోగుచేసి లోక్ అదాలత్‌కు వెళ్లండి. పాత పునాది గుర్తున్న పెద్దలు ఉండగానే వెళ్లండి.

కొలతలో తప్పు మనదేనని తేలినవారికి: మీరే ముందుగా పక్కవారి ఇంటికి వెళ్లండి. కంచె అయితే ఆ వారంలోనే జరపండి. గోడ అయితే దాని ఖర్చు, జాగా ధర రెండూ లెక్క కట్టి, కొనుక్కోవడమా వెనక్కి జరపడమా అన్న నిర్ణయం వారికే వదలండి. సర్వేయరు నివేదిక నకలు కూడా వారి చేతికి మీరే ఇవ్వండి.